వార్డులో ఉన్న తమ్ముడిని చూడటానికి రేపు వెళ్తున్నాను. బోరు సంగతి అడిగితే ఏమి చెప్పాలి?

పత్తికొండ అక్క | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే గాని ఎప్పుడూ రాయలేదు.

నా తమ్ముడికి 24 ఏళ్లు. బెంగళూరులో ఉద్యోగం. పండగకు ఇంటికి వచ్చాడు, వచ్చిన రోజు నుంచి నిద్ర లేదు. మొదట్లో మాకూ సంబరంగానే ఉంది. తెల్లవారుజామున మూడింటికి లేచి పశువుల కొట్టం కడిగేవాడు. నాన్న అప్పులన్నీ కాగితం మీద లెక్క వేసి ఆరు నెలల్లో తీర్చేస్తానన్నాడు. ఐదో రోజుకు మాట ఆగడం లేదు. ఏడో రోజు ఎవరికీ చెప్పకుండా బోరు బండిని పిలిపించాడు. నీళ్లు ఎక్కడున్నాయో తన కాళ్లకు తెలుస్తోందట. అర్ధరాత్రి బండి చేనులోకి వచ్చేదాకా మాకు తెలియదు. అడ్డుపడిన నాన్నను తోసేశాడు. బుద్ధెరిగినప్పటి నుంచి నాన్న ముందు గొంతెత్తి మాట్లాడనివాడు.

బండి 200 అడుగులు దిగిందో లేదో, ఊరికంతా నీళ్లిస్తానంటూ ట్యాంకు ఎక్కాడు. నలుగురూ కలిసి దించి, మామయ్య కారులో కర్నూలుకు తీసుకెళ్లి ఒక ఆసుపత్రి మానసిక విభాగంలో చేర్చాం. వారం పది రోజులు ఉంచాలన్నారు. నాన్న సంతకం పెట్టారు. మామయ్య తోడుగా అక్కడే ఉంటున్నాడు. నేను గది గుమ్మం దగ్గరే ఆగిపోయాను. "అక్కా, నన్ను వీళ్లకు అప్పగించి పోతావా" అన్నాడు. నాలుగు రోజులుగా ఆ మాటే చెవిలో ఉంది.

రేపు సాయంత్రం నాలుగు నుంచి ఆరు వరకు చూడనిస్తారు. ఏమి తీసుకెళ్లాలి? ఇంటికి తీసుకెళ్లమంటే ఏమి చెప్పాలి? అన్నిటికంటే, ఆ బోరు గురించి అడుగుతాడు. మేము కర్నూలు దారిలో ఉండగా వాళ్లు 380 అడుగుల దాకా వేశారు. దుమ్ము తప్ప తడి లేదు. నీళ్లు పడ్డాయని చెప్పు, వాడికి ధైర్యంగా ఉంటుంది అంటున్నారు నాన్న.

రాత్రి డ్యూటీ | సోమవారం, రాత్రి 10:25

అమ్మా, నేను అనంతపురంలో స్టాఫ్ నర్సును. ఇలాంటి వార్డులో ఆరేళ్లు చేశాను. ఒక్కో చోట ఒక్కో పద్ధతి, కాబట్టి బయలుదేరే ముందు మామయ్యతో ఫోనులో ఒకసారి కనుక్కోండి.

నాడాలున్న పైజామా వద్దు, రబ్బరు నడుము ఉన్నది తీసుకెళ్లండి. బెల్టు, గాజు సీసా, బ్లేడు, అగ్గిపెట్టె, పొడవాటి ఛార్జరు తీగ సంచిలో ఉంటే నర్సు తీసి పక్కన పెడుతుంది. అది మీ మీద అనుమానం కాదు. మీ తమ్ముడి పక్క మంచంలో ఎవరున్నారో మీకు తెలియదు కదా, అందుకు. తిండి తీసుకెళ్లవచ్చు, అయితే ముందు నర్సుకు చూపించండి. మందుల వల్ల నోరు ఎండిపోతుంది, మజ్జిగ మంచిది.

అతన్ని చూసి బెదిరిపోకండి. మాట ముద్దగా రావచ్చు, చేతులు వణకవచ్చు, నడక బరువుగా ఉండవచ్చు. "ఏమి సూదులు వేసి ఇలా చేశారో" అని వార్డులో ఏడ్చే తల్లులను ఎందరినో చూశాను. తొమ్మిది పది రాత్రులు నిద్రపోని శరీరం అది. ముందు దానికి నిద్ర కావాలి, ఆ తరువాతే మిగతావన్నీ. వణుకు మరీ ఎక్కువగా ఉంటే, మెడ గాని నాలుక గాని బిగుసుకుపోతే వెంటనే నర్సుకు చెప్పండి, దానికి విరుగుడు మందు ఉంది.

బోరు విషయంలో నాన్నగారి మాట వినకండి. అబద్ధం వద్దు.

పెన్న గాలి | సోమవారం, రాత్రి 11:10

అక్కా, నేను మంచం మీద ఉండి చూసినవాడిని. 2016లో 11 రోజులు ఉన్నాను. మాది ప్రొద్దుటూరు దగ్గర.

మొదటి ఆదివారం మా వాళ్లు ఒకే ఆటోలో తొమ్మిది మంది వచ్చారు. పెళ్లివారు దిగినట్టు దిగారు. అందరూ నా మంచం చుట్టూ నిలబడి ఒకే ప్రశ్న: "మందు వేసుకున్నావా?" తొమ్మిది మందికి తొమ్మిదిసార్లు జవాబు చెప్పాను. మా పెదనాన్న అయితే ఎలా బతకాలో అరగంట ఉపన్యాసం ఇచ్చి, చివర్లో "మన వంశంలో ఎవరికీ లేదు" అన్నాడు. ఆ మాటకు నేను వంశం నుంచి బయటికి వెళ్లిపోయినట్టు అనిపించింది. వాళ్లు వెళ్లాక రాత్రంతా నిద్ర లేదు, మరునాడు మోతాదు పెంచారు.

బుధవారం నా స్నేహితుడు ఒక్కడే వచ్చాడు. గోడకు ఆనుకుని కూర్చుని వేరుశనగ కాయలు ఒలుస్తూ, ఊళ్లో వాలీబాల్ పందెంలో ఎవరు ఎవరితో గొడవపడ్డారో చెప్పాడు. నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. గంట కూర్చుని లేచిపోయాడు. ఈరోజుకీ వాడంటే నాకు ప్రాణం.

ఇక అబద్ధం సంగతి. నాకు ధైర్యం చెప్పడానికి మా ఆవు ఈనిందని, కోడెదూడ పుట్టిందని చెప్పారు. మంచం మీద పడుకుని దానికి పేరు కూడా పెట్టుకున్నాను. ఇంటికి వెళ్తే కొట్టం ఖాళీ. ఆసుపత్రి ఖర్చులకు ఆవును ముందే అమ్మేశారు. ఆ తరువాత చాలా కాలం వాళ్లు ఏమి చెప్పినా నమ్మలేకపోయాను. "ఈ మాత్ర నీ మంచికే" అన్నా సరే. అక్కడ చెడింది వ్యవహారం. నా జబ్బుకు మొదటి గుర్తే లేనివి ఉన్నట్టు అనిపించడం. మీరు కూడా లేనివి ఉన్నట్టు చెబితే నేను దేన్ని పట్టుకుని నిలబడాలి?

చేను గట్టు | మంగళవారం, ఉదయం 6:15

పెద్దవాడిగా చెబుతున్నాను, ఏమీ అనుకోవద్దు. ఆసుపత్రిలో పెడితే ఊరంతా పిచ్చివాడని ముద్ర వేస్తుంది. రేపు పిల్లనెవరు ఇస్తారు? నిద్ర లేక వేడి చేసింది, అంతే. ఏదైనా పుణ్యక్షేత్రంలో నలభై రోజులు ఉంచండి, గట్టిగా ఉన్న ఇద్దరిని తోడు పెట్టండి, అవసరమైతే కట్టి ఉంచండి. కుదురుకున్నాక పెళ్లి చేస్తే అంతా సర్దుకుంటుంది.

గుంతకల్లు జంక్షన్ | మంగళవారం, ఉదయం 7:50

పెద్దాయనా, పిచ్చి కుదిరితేగాని పెళ్లి కాదు, పెళ్లి అయితేగాని పిచ్చి కుదరదు అన్న సామెత మీలాంటి సలహాను ఎగతాళి చేయడానికే పుట్టింది. మీరు దాన్ని వైద్యంగా రాసిచ్చారు. ఆ వచ్చే పిల్ల ఏ పాపం చేసింది?

కట్టి ఉంచడం గురించి ఒక మాట. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో గొలుసులతో కట్టేసిన మనుషులున్న పాకకు నిప్పంటుకుంది. 28 మంది కాలిపోయారు. గొలుసులుంటే ఎలా పరుగెత్తుతారు? వాళ్లను అక్కడ వదిలింది ప్రేమలేని వాళ్లేమీ కాదు, దేవుడి మీద భారం వేసిన ఇంటివాళ్లే.

గుడికి, దర్గాకు వెళ్లవద్దని నేను అనను. మా అమ్మ పెనుకొండ బాబయ్య దర్గాకు ఇప్పటికీ వెళ్తుంది, మా అన్న మాత్రలు కూడా ఇరవై ఏళ్లుగా మానలేదు. ఆ రెండింటికీ మా ఇంట్లో ఎప్పుడూ గొడవ రాలేదు. మా అన్నకు మొదటి వైద్యం జరిగింది పక్కనే ఉన్న బళ్లారిలో. మానసిక వైద్యాన్ని పెద్దాసుపత్రి గోడలు దాటించి మామూలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు తేవచ్చని బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వారు 1980లలో ప్రయోగం చేసి చూపింది ఆ జిల్లాలోనే. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి అదే నమూనా. మన గడప పక్కనే జరిగింది, మనకే తెలియదు.

కోర్టు గుమస్తా, కడప | మంగళవారం, ఉదయం 9:05

పత్తికొండ చెల్లెమ్మకు. భావాల సంగతి పై వాళ్లు చెప్పారు, నేను కాగితాల సంగతి చెబుతాను.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమలులో ఉంది. తనంతట తాను చేరితే 86వ సెక్షను. కోరినప్పుడు ఇంటికి పంపాలి, మహా అయితే పరిశీలన కోసం 24 గంటలు ఆపగలరు. మీ తమ్ముడిలా తన స్థితి తనకు తెలియనప్పుడు, అతని తరఫు ప్రతినిధి దరఖాస్తు మీద చేర్చుకునేది 89వ సెక్షను. ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, వారిలో ఒకరు సైకియాట్రిస్టు అయి ఉండాలి. దాని గడువు 30 రోజులు, అది కూడా పైహద్దు మాత్రమే. ముందే కుదురుకుంటే ముందే పంపాలి. ఏడు రోజుల్లోగా ఈ చట్టం కింద ఉండే మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు తెలియజేయాలి, స్త్రీలు, మైనర్ల విషయంలో మూడు రోజుల్లోనే. ఇవేవీ జరగకముందే ప్రాణాపాయం ఉంటే ఏ రిజిస్టర్డ్ డాక్టరైనా 72 గంటల వరకు అత్యవసర చికిత్స ఇవ్వవచ్చు, అది 94వ సెక్షను.

నాన్నగారు దేని మీద సంతకం పెట్టారో అడిగి తెలుసుకోండి, నకలు తీసుకోండి. సంతకం పెట్టిన మనిషికే అది ఏ కాగితమో తెలియకపోవడం మన దగ్గర మామూలే. గొలుసులతో కట్టడం, బలవంతంగా గుండు చేయించడం చట్టం ఒప్పుకోదు. తన బట్టలు తాను వేసుకోవచ్చు.

ట్యాంకు ఎక్కాడు కాబట్టి పోలీసు కేసు అవుతుందని ఊళ్లో ఎవరైనా భయపెడితే వినకండి. అతను చావడానికి ఎక్కలేదు. ఎక్కి ఉన్నా సరే, తీవ్ర ఒత్తిడిలో చేసినట్టుగానే భావించి శిక్షించకూడదని 115వ సెక్షను చెబుతోంది. ఆత్మహత్యాయత్నం ఏదైనా నేరమే అన్న పాత శిక్షాస్మృతిలోని 309వ సెక్షను 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో కొనసాగలేదు.

చేను గట్టు | మంగళవారం, మధ్యాహ్నం 1:30

గుంతకల్లు వారి మాట ఘాటుగా ఉంది, అయినా పడతాను. మా చిన్నాన్నను మేము వెనుక గదిలో ఉంచేవాళ్లం. గడియ బయట నుంచి. అన్నం పళ్లెం కిటికీలోంచి. నాకప్పుడు పన్నెండేళ్లు, పళ్లెం పెట్టే పని నాదే. 19 ఏళ్లు అలాగే ఉండి పోయాడు. డాక్టరుకు చూపించాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు, ముద్ర పడుతుందనే భయం తప్ప. ఆ భయమే పొద్దున నా చేత అలా రాయించింది.

అమ్మాయీ, వెళ్లు. పోయిరా.

పత్తికొండ అక్క | మంగళవారం, రాత్రి 10:50

వెళ్లి వచ్చాను. అందరికీ ఒకేసారి రాస్తున్నాను.

అమ్మ ఉగ్గాని చేసి ఇచ్చింది, చల్లారితే బాగుండదని డబ్బాకు రెండు తువ్వాళ్లు చుట్టింది. ఊరగాయ సీసా పెట్టింది, ఒక తాయెత్తు కూడా. వార్డు గేటు దగ్గర నర్సు ఊరగాయను ప్లాస్టిక్ డబ్బాలోకి మార్పించి సీసా పక్కన పెట్టింది. తాయెత్తు దారాన్ని మెడలో కట్టడానికి లేదంది. నా మొహం చూసి, "మీ మామయ్య జేబులో పెట్టుకోనివ్వమ్మా, దేవుడికి అక్కడి నుంచి కూడా కనిపిస్తుంది" అంది. అమ్మకు ఫోనులో చెబితే ఆమె కూడా ఒప్పుకుంది.

నేను ఊహించుకున్నది వేరు, అక్కడున్నది వేరు. చీకటి గదులు, అరుపులు అనుకున్నాను. పొడవాటి హాలు, పన్నెండు మంచాలు, ఒక్కో మంచం పక్కన ఒక్కో ఇంటి మనిషి, చాప, చెంబు. ఒకావిడ కొడుకు తల దువ్వుతోంది. వరండాలో ఎవరో పంచె ఆరేశారు. పక్క మంచం అవ్వ నన్ను చూడగానే "మజ్జిగ తెచ్చావా" అని అడిగింది, నేనేదో ఆమె మనవరాలినన్నట్టు. సగం ఆమెకే పోశాను.

తమ్ముడు గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. గడ్డం పెరిగింది. "వచ్చావా" అనలేదు. నర్సు అక్క చెప్పకపోయి ఉంటే ఆ చేతుల వణుకు చూసి అక్కడే కూలబడేదాన్ని. మామయ్య టీకి వెళ్లాడు. నేను పెన్న గాలి తమ్ముడు చెప్పినట్టు కింద కూర్చుని కాయలు ఒలవడం మొదలుపెట్టాను. పది నిమిషాలు చప్పుడు అదొక్కటే. నాకు తెలిసిన ఊరి కబుర్లు రెండు నిమిషాల్లో అయిపోయాయి, ఎదురింటి వాళ్ల కోడి మా దొడ్లో గుడ్లు పెడుతోందన్న తగాదా కూడా చెప్పేశాను. అప్పుడు ఇటు తిరిగి చెయ్యి చాపాడు. గింజలు పెట్టాను. నమలడం కూడా మెల్లగా ఉంది.

"గేదె పాలు ఎవరు పిండుతున్నారు" అన్నాడు. నేనే అన్నాను. "నీకు రాదుగా" అన్నాడు. రాదు, తన్నించుకుంటున్నాను అన్నాను.

తరువాత అడిగాడు. "బోరులో నీళ్లు పడ్డాయా?"

"పడలేదురా. 380 అడుగులు వేశారు. దుమ్మే."

చాలాసేపు పైకప్పు చూశాడు. "నాకు తెలిసిందక్కా. కాళ్ల కింద తెలిసింది." వాదించలేదు. "నీకు అలా అనిపించింది" అన్నాను, అంతే. "డబ్బు ఎవరు కట్టారు?" నాన్న అన్నాను. అప్పుడు ఏడ్చాడు. నాకు తెలిసి ఈ పది పదిహేను రోజుల్లో వాడు మా తమ్ముడిలా ఏడ్చింది అదే మొదటిసారి. మొన్నటిదాకా ఏడ్చినా నవ్వినా ఎవరో వేరే మనిషిలా ఉండేవాడు. నిజం చెప్పి తప్పు చేశానేమోనని ఒక్క క్షణం అనిపించింది. కాని మూతి తుడుచుకుని ఉగ్గాని అడిగాడు.

ఇంటికి తీసుకెళ్లమన్నాడు. "ఎప్పుడన్నది నేను చెప్పలేను, డాక్టరును నీ ముందే అడుగుతాను" అన్నాను. డ్యూటీ డాక్టరు వచ్చి, రాత్రి వరుసగా ఆరేడు గంటలు నిద్రపోవడం మొదలయ్యాక మాట్లాడదాం అన్నారు. "నిన్న ఎన్ని గంటలు పడుకున్నాను?" అని వాడే అడిగాడు. నాలుగున్నర. ఇప్పుడు వాడికి ఒక లెక్క దొరికింది. కాగితం అడిగి రాసుకున్నాడు.

ఐదుంబావుకే లేచాను, అలసిపోతున్నాడని తెలిసింది. వచ్చేటప్పుడు "గురువారం వస్తే నా తలగడ తీసుకురా, ఇక్కడిది ఇటుకలా ఉంది" అన్నాడు.

గేటు బయటికి వస్తే వేపచెట్టు కింద నాన్న. మాకెవరికీ చెప్పకుండా ఇంకో బస్సులో వచ్చి, లోపలికి రాకుండా మూడు గంటలు అక్కడే కూర్చున్నారు. "తిన్నాడా?" అని అడిగారు. బోరు సంగతి చెప్పానన్నాను. ఏమీ అనలేదు. బస్సులో కోడుమూరు దాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు.

పెన్న గాలి | మంగళవారం, రాత్రి 11:20

తలగడ అడిగాడంటే మన దారికి వచ్చినట్టే. గురువారం నాన్నగారిని లోపలికి తీసుకెళ్లండి. తోసేసినందుకు వాడు క్షమాపణ అడగబోతే అడగనివ్వండి, "పర్వాలేదులే" అని మధ్యలో ఆపకండి. నన్ను అడగనివ్వలేదు, ఇప్పటికీ గొంతులో ఉంది.

పత్తికొండ అక్క | 16 రోజుల తరువాత

తమ్ముడిని పోయిన శనివారం ఇంటికి పంపారు. బైపోలార్ అని రాశారు, అంటే హుషారు, దిగులు రెండూ హద్దు దాటే జబ్బట. మనసును నిలకడగా ఉంచే లిథియం మాత్రలు, రాత్రికి ఇంకొకటి. వచ్చే వారం రక్త పరీక్షకు రమ్మన్నారు. పగలు ఎక్కువగా పడుకుంటున్నాడు, మాట తక్కువ. ఊళ్లో వాళ్లు చూడటానికి వస్తుంటే నాన్నే గడప దగ్గర కూర్చుని "పడుకున్నాడు, తరువాత రండి" అని పంపేస్తున్నారు. ఆ ఎండిన బోరు మీద అమ్మ బండరాయి పెట్టించింది, పిల్లలు పడిపోతారని.

లిథియం వేసుకునేవారి ఇంట్లో ఏమి చూసుకోవాలి?

రాత్రి డ్యూటీ | అదే రోజు, రాత్రి 9:30

పరీక్ష రోజు పొద్దున మాత్ర వేసుకోకుండా వెళ్లాలి. ముందురాత్రి మాత్రకు, రక్తం తీయడానికి మధ్య 12 గంటలు ఉండాలి, లేకపోతే లెక్క తప్పుగా వస్తుంది. మూత్రపిండాలు, థైరాయిడ్ పరీక్షలు కూడా అప్పుడప్పుడు చేస్తారు.

అసలు జాగ్రత్త మన ఎండలతోనే. చెమట పట్టి ఒంట్లో నీళ్లు, ఉప్పు తగ్గితే రక్తంలో లిథియం పెరిగిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో మిట్టమధ్యాహ్నం చేనులోకి పంపకండి. నీళ్లు బాగా తాగాలి, ఉప్పు ఉన్నట్టుండి మానేయకూడదు. వాంతులు, విరేచనాలు పట్టుకున్నా, చేతుల వణుకు బాగా పెద్దదైనా, నడక తూలినా ఆ పూటే డాక్టరు దగ్గరకు వెళ్లండి. ఒళ్లు నొప్పులని మెడికల్ షాపులో అడిగి ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వేయకండి, అవి కూడా దాన్ని పెంచుతాయి.

బాగున్నాడని మాత్ర ఆపేయడం అతనే కాదు, ఇంట్లో వాళ్లు కూడా చేసే పని, అలా చేయకండి. నిద్ర ఒక్కసారిగా తగ్గితే రెండో రోజే వెళ్లండి, ఏడో రోజు దాకా ఆగవద్దు. రాత్రిపూట ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 14416కు చేయండి. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలి మానస్ అది, పగలూ రాత్రీ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

ఉరవకొండ మగ్గం | మరునాడు, ఉదయం 5:20

ఇక్కడ అడగవచ్చో లేదో తెలియదు. నా భార్యకు కాన్పు అయి తొమ్మిది రోజులు. మూడు రోజులుగా నిద్ర లేదు. రాత్రి నుంచి పాప తనది కాదు, మార్చేశారు అంటోంది. మా అత్తగారు బాలింతలకు గాలి సోకితే ఇలాగే ఉంటుంది, పదకొండో రోజు స్నానం అయ్యాక చూద్దాం అంటున్నారు. రెండు రోజులు ఆగవచ్చా?

రాత్రి డ్యూటీ | ఉదయం 5:31

నాయనా, రెండు గంటలు కూడా ఆగవద్దు. కాన్పు తరువాత వచ్చే జబ్బుల్లో ఇది అత్యవసరమైనది, మందుతో బాగా తగ్గేది కూడా. 108కి ఫోను చేయండి, లేదా దొరికిన బండిలో అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి వెళ్లండి. కాన్పు కాగితాలు తీసుకెళ్లండి. పాపను అత్తగారి చేతిలో పెట్టండి, తల్లిని పాపతో ఒంటరిగా వదలకండి. ఆమెతో వాదించకండి. జ్వరం ఉందేమో చూసి డాక్టరుకు చెప్పండి.

పత్తికొండ అక్క | ఉదయం 5:44

అన్నా, అత్తగారిని కూడా బండి ఎక్కించండి. ఇంట్లో ఉంటే ఆమె ఇంకా భయపడుతుంది.

ఉరవకొండ మగ్గం | ఉదయం 6:38

కూడేరు దాటాం. అత్తగారు వెనుక పాపతో ఉన్నారు.